రోజూ నడిపే ఎలక్ట్రిక్ కారుతో డ్రాగ్ రేసుకు వెళ్లడం ఎలా?

ఎలక్ట్రిక్ కారును వేగంగా పరుగెత్తించడానికి పెద్ద విద్య అక్కర్లేదు. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు, ఇంజిన్ చుట్లు పెంచి పట్టుకునే నేర్పు అవసరం లేదు. యాక్సిలరేటర్‌ను చివరిదాకా తొక్కితే మోటారు తన బలాన్నంతా మొదటి క్షణంలోనే చూపిస్తుంది. అందుకే చాలామంది తొలిసారి డ్రాగ్ స్ట్రిప్‌కు (నిలబడిన చోటి నుంచి పావు మైలు తిన్నటి దారిలో ఇద్దరేసి పందెం వేసుకునే ట్రాక్‌కు) వెళ్లి, రెండు మూడు పరుగులు తీసి, మంచి సమయం వచ్చిందని మురిసిపోయి, ఆ తర్వాత చేయడానికేమీ లేదనుకుని తిరిగి వచ్చేస్తారు. నేనూ మొదటిసారి అలాగే వచ్చేశాను. రెండోసారి వెళ్లినప్పుడు నాకన్నా రెండు సెకన్లు నెమ్మదిగా వెళ్లే పాత పెట్రోలు కారు నన్ను ఓడించింది. ఆట అప్పుడు అర్థమైంది. వేగం కారుది. దాన్ని పరుగు పరుగుకూ పిసరంత తేడా లేకుండా తీయించడమే నడిపేవారి పని. కింద చెప్పేదంతా ఆ పని గురించే.

ముందే ఒక మాట. ఇది మూసివున్న ట్రాక్ మీద, సమయం కొలిచే పరికరాలు, అంబులెన్సు, అగ్నిమాపక సిబ్బంది ఉన్నచోట చేసే పని. మామూలు రోడ్డు మీద, ఎంత అర్ధరాత్రయినా, చేసేది కాదు.

ఇంటి దగ్గర చూసుకోవలసినవి

ట్రాక్ నియమాలు చదవండి. అమెరికాలో ఈ క్రీడను నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాల ప్రకారం పావు మైలును 13.99 సెకన్లలో గానీ, అంతకన్నా త్వరగా గానీ దాటే కారులో హెల్మెట్ తప్పనిసరి. కారు ఇంకా వేగంగా ఉంటే రోల్ బార్ (బోల్తాపడితే కాపాడే ఇనుప గొట్టం) వంటి రక్షణ ఏర్పాట్లు అడుగుతారు. ఇతర దేశాల్లో, ఇతర ట్రాకుల్లో హద్దులు వేరుగా ఉండవచ్చు. ఇక్కడ ఎలక్ట్రిక్ కార్లవాళ్లకు ఒక చిక్కు ఉంది. షోరూమ్ నుంచి తెచ్చిన కుటుంబ కారే ఈ హద్దులను సులువుగా దాటేస్తుంది. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ 2021లో వచ్చినప్పుడు పావు మైలుకు 9.23 సెకన్లని కంపెనీ ప్రకటించింది. ఒకప్పుడు లోపలి సీట్లన్నీ పీకేసి, ఇనుప గొట్టాల పంజరం బిగించిన కార్లు తీసే సమయమది. మీ కారు కాగితం మీద ఎంత తీస్తుందో తెలుసుకుని, దానికి ఏ రక్షణ కావాలో ట్రాక్‌వాళ్లను ముందే అడగండి. రాకపోకల ఖర్చు పెట్టుకుని వెళ్లాక గేటు దగ్గర వెనక్కి పంపిస్తే బాధగా ఉంటుంది.

బీమా పత్రం కూడా తీసి చూడండి. సమయం కొలిచే పందేలలో జరిగిన నష్టానికి చాలా పాలసీలు డబ్బు చెల్లించవు. వారంటీ షరతులూ అంతే. ఈ కార్లు తమ పరుగులను తామే నమోదు చేసుకుంటాయన్న సంగతి గుర్తుంచుకోండి.

తర్వాత టైర్లు. టైరు పక్కన రాసివున్న చివరి అక్షరం అది భరించగల వేగాన్ని చెబుతుంది. టి అంటే గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ అంటే 210, వి అంటే 240. ముగింపు గీత దాటేటప్పటి మీ వేగం ఆ అంకెకు బాగా దిగువన ఉండాలి. చక్రాల నట్లను టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన కొలతకు బిగించండి. కారులోంచి కదిలే వస్తువులన్నీ తీసేయండి. డిక్కీలోని ఛార్జింగ్ కేబుల్, నీళ్ల సీసాలు, డ్రైవరు వైపు కాలిపట్టా అన్నీ. బరువు తగ్గుతుందన్న ఆశతో మాత్రం తీయకండి. 100 పౌండ్లు తగ్గితే పదోవంతు సెకను కలిసొస్తుందని పాత రేసర్లు చెప్పే లెక్క తేలికైన కార్లది. రెండు టన్నుల ఎలక్ట్రిక్ కారుకు అంత రాదు. సీసా దొర్లుకుంటూ వచ్చి బ్రేకు పెడల్ కింద ఇరుక్కోకుండా ఉండడానికి తీయాలి.

బ్యాటరీ: ఎంత నిండుగా, ఎంత వెచ్చగా

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మోటారుకు అందే శక్తి వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వచ్చేది. నికెల్ ఆధారిత లిథియం సెల్ పూర్తిగా నిండినప్పుడు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది, సగానికి వచ్చేసరికి 3.7 పరిసరాలకు దిగుతుంది. కరెంటుకు పైహద్దు ఉంటుంది కాబట్టి, వోల్టేజీ పడిపోయిన మేరకు బలం తగ్గుతుంది. ఆ తగ్గుదల మొదటి 60 అడుగుల్లో పెద్దగా కనిపించదు, వేగం పెరిగాక కనిపిస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్న కార్లలో వోల్టేజీ మధ్య భాగంలో దాదాపు సమంగా సాగుతుంది కాబట్టి ఛార్జింగ్ తేడా ప్రభావం తక్కువ. మీ బ్యాటరీ ఏ రకమో తెలుసుకోండి.

అయితే నూరు శాతం నింపుకుని వెళ్లమని నేను చెప్పను. నిండా ఉన్న బ్యాటరీకి వెనక్కి వచ్చే కరెంటును తీసుకునే చోటు ఉండదు. అంటే పరుగు చివర కాలు తీసినప్పుడు రోజూ అలవాటైన రీజెన్ బ్రేకింగ్ (మోటారే కారును నెమ్మదింపజేసి కరెంటును బ్యాటరీకి పంపడం) పనిచేయదు లేదా బాగా బలహీనంగా ఉంటుంది. 180 కిలోమీటర్ల వేగంలో ఆ సంగతి మొదటిసారి కనిపెట్టడం మంచిది కాదు. 90 శాతం దగ్గర మొదలుపెట్టడం నా అలవాటు.

పరుగుకు ఎంత ఖర్చవుతుందో లెక్క వేసుకోవచ్చు. రెండు టన్నుల కారును గంటకు 180 కిలోమీటర్లకు చేర్చడానికి కావలసిన గతిశక్తి 25 లక్షల జూళ్లు, అంటే ముప్పావు యూనిట్ కన్నా కొంచెం తక్కువ కరెంటు. గాలి నిరోధం, మోటారు నష్టాలు కలిపితే ఒక యూనిట్ అనుకోండి. 75 యూనిట్ల బ్యాటరీలో అది ఒకటిన్నర శాతం కూడా కాదు. నిజానికి బ్యాటరీని వెచ్చబెట్టడానికి అంతకన్నా ఎక్కువ ఖర్చు కావచ్చు. కాబట్టి పరుగుల వల్ల ఛార్జింగ్ అయిపోతుందని భయపడనక్కర్లేదు. ఇంటి నుంచి ట్రాక్‌కు, ట్రాక్ నుంచి ఇంటికి చేసే ప్రయాణానికే ఛార్జింగ్ లెక్క పక్కాగా ఉండాలి.

ఇక వేడి. చల్లటి బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజీ కుంగిపోతుంది. అది గమనించి కారు తానే బలాన్ని కత్తిరిస్తుంది. ప్లెయిడ్‌లో డ్రాగ్ స్ట్రిప్ మోడ్, హ్యుందాయ్ అయోనిక్ 5 ఎన్‌లో డ్రాగ్ కోసం విడిగా ఉన్న బ్యాటరీ సిద్ధం చేసే ఏర్పాటు ఇందుకే ఉన్నాయి. మీ కారులో అలాంటి బటన్ లేకపోతే ఒక ఉపాయం ఉంది. ట్రాక్‌కు దగ్గరలోని ఫాస్ట్ ఛార్జర్‌ను నావిగేషన్‌లో గమ్యంగా పెట్టండి. చాలా కార్లు అక్కడికి చేరేలోగా బ్యాటరీని వెచ్చబెడతాయి. అక్కడ 90 శాతం దాకా ఛార్జింగ్ పెట్టుకుని నేరుగా ట్రాక్‌కు వస్తే నిండుదనం, వెచ్చదనం రెండూ ఒకేసారి సమకూరుతాయి. మండుటెండలో దీనికి తిరగేసి ఆలోచించాలి. అప్పుడు బ్యాటరీ, ఇన్వర్టర్ వేడెక్కి కారు బలం తగ్గించుకోకుండా చూడాలి, కాబట్టి నీడ వెతుక్కోండి.

ఒక్క విషయంలో మాత్రం ఎలక్ట్రిక్ కారుకు అదృష్టం కలిసొచ్చింది. ఎండకో, ఎత్తైన ప్రదేశానికో గాలి పలచబడితే పెట్రోలు ఇంజిన్‌కు ఊపిరి అందక బలం తగ్గుతుంది. మోటారు గాలి పీల్చదు. పైగా పలచటి గాలిలో ఎదురు నిరోధం కూడా తగ్గుతుంది. పక్క వరుసలోవాళ్లు వాతావరణ మాపకాలు పట్టుకుని తలలు పట్టుకుంటుంటే మీరు ఛార్జింగ్ శాతం చూసుకుంటే చాలు.

వరుసలో నిలబడేముందు కారు మెనూలో

ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్, లేన్ కీపింగ్ ఆపేయండి. కారుకు ఎదురుగా నడిచే స్టార్టర్‌ను, అంటే పరుగు మొదలుపెట్టించే అధికారిని చూసి బ్రేకు తనంతట తానే పడవచ్చు. ట్రాక్ మీద టైర్లు వేసిన నల్లచారలను లేన్ గీతలనుకుని స్టీరింగ్ లాగవచ్చు. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రం ఆపకండి. సెకనులో వందలసార్లు లెక్కలు వేసుకునే ఆ వ్యవస్థ మీ కాలికన్నా నేర్పరి. బ్రేకు మీంచి కాలు తీస్తే కారు మెల్లగా ముందుకు పాకే క్రీప్ సౌకర్యం ఉంటే ఆన్ చేయండి, ఎందుకో కాసేపట్లో చెబుతాను. ఏసీ ఆపండి. దాని నుంచి కారే నీటి బొట్లు బయలుదేరే చోట పడితే మీకూ, మీ వెనకవాళ్లకూ జారుడే. హెడ్‌లైట్లు స్టార్టర్ కళ్లలో పడకుండా ఆర్పేయండి.

మీ కారుకు చప్పుడు లేదన్న సంగతి మీకు తెలుసు, వరుసల మధ్య నడిచేవాళ్లకు తెలియదు. మనిషి నడకకన్నా వేగంగా కదలకండి.

టైర్లలో గాలి మొదటి పరుగుకు డోరు పక్కన రాసినంతే ఉంచండి. తర్వాత కావాలంటే రెండేసి పీఎస్‌ఐ చొప్పున తగ్గించి చూడవచ్చు. పెట్రోలు కార్లవాళ్లు చెప్పిన అంకెలను నమ్మి బాగా దించేయకండి. మీ కారు వాళ్ల కారు కన్నా బహుశా అరటన్ను బరువెక్కువ, ఆ బరువంతా మోసేది టైర్లలోని గాలే.

బయలుదేరే చోటుకు ముందు నీళ్లు పోసిన మడుగు ఒకటి ఉంటుంది. అది గాళ్లు లేని రేసింగ్ టైర్లను నీళ్లలో తిప్పి వేడి చేసుకోవడానికి. మీవి రోడ్డు టైర్లు. గాళ్లలో నీళ్లు నింపుకుని వెళ్లి బయలుదేరే గీత దగ్గర కారుస్తారు, అందుకని దాన్ని చుట్టివెళ్లండి. అలా టైర్లు తిప్పే బర్నౌట్ చేయకపోతే చిన్నతనం అనుకోవద్దు. చేయకపోయినా ఎవరూ ఏమీ అనరు, నీళ్లు తెస్తే మాత్రం అంటారు.

దీపాల స్తంభం ముందు

రెండు వరుసల మధ్య ఉన్న దీపాల స్తంభాన్ని ట్రీ అంటారు. 1963 నుంచి ఇదే పద్ధతి. నేలకు కొద్ది ఎత్తులో అడ్డంగా రెండు కాంతికిరణాలు ఉంటాయి. మీ ముందు టైరు మొదటిదాన్ని అడ్డగిస్తే ప్రీ స్టేజ్ దీపం వెలుగుతుంది. ఏడు అంగుళాల తర్వాత రెండోదాన్ని అడ్డగిస్తే స్టేజ్ దీపం. ఈ ఏడు అంగుళాలు పాకడానికే క్రీప్ కావాలన్నది. యాక్సిలరేటర్‌తో జరపబోతే ఎలక్ట్రిక్ కారు ఉరుకుతుంది.

స్టేజ్ దీపం వెలిగిన మరుక్షణం ఆగిపోండి. ఇది ముఖ్యం. మీ సమయం పచ్చదీపంతో మొదలవదు, టైరు ఆ రెండో కిరణాన్ని వదిలినప్పుడు మొదలవుతుంది. దీపం వెలిగీ వెలగగానే ఆగితే టైరు సుమారు ఒక అడుగు దొర్లాక గానీ కిరణాన్ని వదలదు. ఆ అడుగు దూరం గడియారానికి లెక్కలేదు, మీకు ఉచితంగా దొరికిన పరుగు. ఇంకా ముందుకు పాకితే కారు కిరణాన్ని త్వరగా వదులుతుంది, రియాక్షన్ టైమ్ (పచ్చదీపం వెలిగాక కిరణాన్ని వదలడానికి పట్టే సమయం) మెరుగవుతుంది, కానీ పరుగు సమయం పెరుగుతుంది.

మామూలు పోటీల్లో మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, మరో అర సెకనుకు పచ్చదీపం. ప్రో ట్రీ అనే మరో పద్ధతిలో మూడూ ఒకేసారి వెలిగి 0.4 సెకనుకు పచ్చ వస్తుంది. పచ్చదీపం కోసం ఎదురుచూసేవాళ్లు ఎప్పుడూ ఆలస్యమే. అందరూ మూడో పసుపు దీపాన్ని చూసి కదులుతారు.

పచ్చకన్నా ముందే కిరణాన్ని వదిలితే ఎర్రదీపం వెలుగుతుంది. నేను దాన్ని తెచ్చుకున్నది ఇక్కడే, అదీ వరుసగా రెండుసార్లు. లెక్క చూడండి. 0.8 జీ (భూమ్యాకర్షణ త్వరణంలో 0.8 వంతు) త్వరణంతో కదిలే కారు ఆ ఒక్క అడుగూ దాటడానికి సుమారు 0.28 సెకను పడుతుంది. చురుకైన మనిషి దీపం చూసి కాలు కదపడానికి 0.2 సెకను. రెండూ కలిపితే 0.48. పచ్చ వచ్చేది 0.5కు. అంటే మీరు ఎంతో శ్రద్ధగా, సరైన క్షణంలో కదిలినందుకే అనర్హులవుతారు. పెట్రోలు కారులో ఇంజిన్, గేర్‌బాక్స్ కొంత ఆలస్యం చేసి ఈ తప్పును కప్పిపుచ్చుతాయి, మోటారు కప్పిపుచ్చదు. మొదటి రోజు మూడో పసుపు దీపం పూర్తిగా వెలిగిందని మనసులో అనుకున్నాక కదలండి. పరుగయ్యాక ఇచ్చే సమయాల చీటీలో రియాక్షన్ టైమ్ 0.150 దగ్గర వస్తే చాలు. అక్కడినుంచి కొద్దికొద్దిగా ముందుకు జరపండి.

తొక్కడం, వదలడం

మీ కారులో లాంచ్ సౌకర్యం (నిలబడినచోటి నుంచి పూర్తి బలంతో ఉరికించే ఏర్పాటు) ఉంటే సాధారణంగా పద్ధతి ఇది: ఎడమ కాలితో బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోవాలి, కుడి కాలితో యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కాలి, ఆపై బ్రేకు వదలాలి. ఇంటి దగ్గర కారు మాన్యువల్ చదివి ఖచ్చితమైన క్రమం తెలుసుకోండి. రెండు ప్రమాదాలున్నాయి. ఆ స్థితిలో కారు నిలబడగలిగే సమయం తక్కువ, పక్కవాళ్లు స్టేజ్ చేయడానికి తాత్సారం చేస్తే అది రద్దయిపోతుంది. అందుకే ఇద్దరి స్టేజ్ దీపాలూ వెలిగాకే కుడికాలు నొక్కండి. రెండోది, నొక్కినప్పుడు కారు కొద్దిగా వంగి ముందుకు జరిగితే కిరణంలోంచి బయటపడవచ్చు. ఒకటి రెండు పరుగులు లాంచ్ లేకుండా, మామూలుగా బ్రేకు మీంచి యాక్సిలరేటర్ మీదికి కాలు మార్చి తీసి చూడండి. కొన్ని కార్లలో తేడా అనుకున్నంత ఉండదు.

పరుగులో చేయాల్సింది స్టీరింగ్ తిన్నగా పట్టుకోవడమే. తల వెనక్కి గట్టిగా తగులుతుంది, ముందే సీటు తలగడకు ఆనించి ఉంచండి. సగం దూరం దాటాక కారు ముందరంత ఉరకడం లేదనిపిస్తుంది. అది లోపం కాదు. మోటారు వేగంగా తిరిగేకొద్దీ దానిలో పుట్టే ఎదురు వోల్టేజీ పెరిగి బలం తగ్గుతుంది. పోర్షె టేకాన్ వెనక మోటారుకు రెండు గేర్ల గేర్‌బాక్స్ పెట్టడానికి ఇదీ ఒక కారణం. సరిగ్గా ఇదే సమయంలో పక్కనున్న పెట్రోలు కారు చప్పుడు దగ్గరవుతూ వినిపిస్తుంది. అటు చూడకండి.

గీత దాటాక కాలు ఒక్కసారిగా ఎత్తేయకుండా మెల్లగా తీయండి, తర్వాత బ్రేకు వేయండి. బయటికి వెళ్లే దారి ఏ వైపుందో ఆ వైపు కారు ముందు తిరుగుతుంది. రెండో కారు ఆగి దారి ఇవ్వాలి. ట్రాక్ మీద వెనక్కి తిరగడం, మధ్యలో నిలిపేయడం ఎట్టిపరిస్థితుల్లోనూ చేయవద్దు. ప్రమాదం జరిగితే, పొగ కనిపిస్తే కారు దిగి దూరంగా వెళ్లి, ఇది ఎలక్ట్రిక్ కారని వచ్చినవాళ్లకు మొదటే చెప్పండి. అత్యవసరంగా కరెంటు తెంచే లూప్ మీ కారులో ఎక్కడుందో పొద్దున్నే వాళ్లకు చూపించి ఉంటే ఇంకా మంచిది.

చీటీ చదవడం

తిరిగివచ్చే దారిలో చిన్న కాగితం ఇస్తారు, అదే టైమ్ స్లిప్. అసలు సంగతులన్నీ ఇందులోనే ఉన్నా, చాలామంది కింది అంకె ఒక్కటే చూసి ఫొటో తీసుకుని మడిచి జేబులో పెట్టుకుంటారు.

పైన రియాక్షన్ టైమ్. 0.000 అంటే సరిగ్గా పచ్చదీపంతో కదిలినట్టు, మైనస్ వస్తే ఎర్రదీపం. తర్వాత 60 అడుగులు, 330 అడుగులు, 660 అడుగులు అంటే ఎనిమిదోవంతు మైలు, 1,000 అడుగులు, చివరికి 1,320 అడుగులు అంటే పావు మైలు. మొత్తం 402 మీటర్లు. చివరి వేగాన్ని గీతకు ముందున్న 66 అడుగుల్లో సగటుగా కొలుస్తారు.

ఇందులో రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడడం నేర్చుకోండి: 60 అడుగుల సమయం, చివరి వేగం. మొదటిది టైర్ల పట్టు గురించీ మీ కాలి గురించీ చెబుతుంది. రెండోది బ్యాటరీ, మోటారు ఇచ్చిన బలం గురించి చెబుతుంది. 60 అడుగుల సమయం చెడిపోయి చివరి వేగం మారకపోతే టైరు జారింది, లేదా మీరు తొక్కడంలో తడబడ్డారు. 60 అడుగుల సమయం మునుపటిలాగే ఉండి చివరి వేగం తగ్గితే బ్యాటరీ వైపు చూడండి, ఛార్జింగ్ తగ్గిందా, వేడి మించిందా, ఇంకా చల్లగానే ఉందా అని. రెండూ చెడితే ముందుగా కారు ఏ మోడ్‌లో ఉందో చూడండి. నవ్వకండి, స్పోర్ట్ మోడ్ పెట్టడం మరచిపోయి అరగంట బ్యాటరీని అనుమానించిన మనిషిని నేను.

ప్రతి చీటీ వెనక నాలుగు సంగతులు రాయండి: ఛార్జింగ్ శాతం, బ్యాటరీ వేడి కనిపిస్తే అది, టైర్ల గాలి, గత పరుగుకూ దీనికీ మధ్య నిమిషాలు. ఒకసారికి ఒక్కటే మార్చండి. పది చీటీలు పోగయ్యేసరికి మీ కారు 90 శాతంలో ఎంత తీస్తుందో, 70లో ఎంత తీస్తుందో ఎవరినీ అడగకుండా చెప్పగలుగుతారు.

ఆ చీటీలతో పోటీకి

బ్రాకెట్ పోటీలో ఎవరి కారు ఎంతలో దాటుతుందో వాళ్లే ముందుగా చెప్పి అద్దం మీద రాసుకుంటారు, దాన్ని డయల్ ఇన్ అంటారు. మీరు 12.20 అని రాసి, ఎదుటివారు 14.70 అని రాస్తే వాళ్లకు పచ్చదీపం రెండున్నర సెకన్ల ముందు వెలుగుతుంది. మీరు వెంటాడాలి. కానీ చెప్పినదానికన్నా త్వరగా, 12.18లో దాటితే బ్రేకౌట్, ఓడిపోతారు. ఇద్దరూ బ్రేకౌట్ అయితే తక్కువ తేడాతో దాటినవారు గెలుస్తారు. నన్ను ఆ పాత కారు ఓడించింది ఇలాగే. ఆయన తన అంకెకు సెకనులో రెండు వందోవంతుల దగ్గర దాటాడు, నేను అత్యాశకు పోయి నా అంకె కిందికి జారాను.

ఈ లెక్కలేవీ లేకుండా సమానంగా బయలుదేరే పోటీలోనూ రియాక్షన్ టైమ్ మరచిపోవద్దు. 12.10 తీసే కారు 0.35 ఆలస్యంగా కదిలితే మొత్తం 12.45. 12.30 తీసే కారు 0.08తో కదిలితే 12.38. గీతను ముందు దాటేది నెమ్మది కారే.

పరుగు పరుగుకూ ఒకే ఎడం పాటించండి. మీరు 25 నిమిషాలు ఆగాక తీసిన పరుగునూ, ఐదు నిమిషాలకే తీసిన పరుగునూ పోల్చడంలో అర్థం లేదు. బ్రేకులు బాగా వేడెక్కి ఉంటాయి కాబట్టి పార్కింగులో పెడల్ నొక్కి పట్టుకుని కూర్చోకండి.

సాయంత్రం బయలుదేరేముందు టైర్లలో గాలి మళ్లీ నింపండి, చక్రాల నట్లు ఒకసారి చూడండి, దించిన సామాను ఎక్కించండి. పొద్దున ఆపేసిన ఆటోమేటిక్ బ్రేకింగ్‌ను తిరిగి ఆన్ చేయండి. కొన్ని కార్లు దాన్ని మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు తామే ఆన్ చేసుకుంటాయి, మీది ఆ రకమో కాదో తెర మీద చూసి గానీ గేటు దాటకండి.